హెన్రీ బ్లేక్‌ను చంపవచ్చునా?

1975 మార్చి 18, మంగళవారం రాత్రి అమెరికాలో సీబీఎస్ టీవీ ‘మాష్’ మూడో సీజన్ చివరి ఎపిసోడ్‌ను ప్రసారం చేసింది. పేరు ‘అబిసీనియా, హెన్రీ’. ఎవరెట్ గ్రీన్‌బామ్, జిమ్ ఫ్రిట్జెల్ రాశారు. లారీ గెల్‌బార్ట్ దర్శకత్వం వహించాడు. అరగంట కామెడీ. అందులో ఆఖరి రెండు మూడు నిమిషాల మీద అమెరికా ప్రేక్షకులు అప్పట్లో ఉత్తరాలు రాసి పోట్లాడారు. యాభై ఏళ్లు దాటినా ఆ పోట్లాట తెగలేదు. టీవీ హాస్యం మీద పుస్తకం రాసిన ప్రతివారూ ఏదో ఒక చోట దాని దగ్గర ఆగుతూనే ఉన్నారు.

కథ తెలియనివారి కోసం కాస్త. కొరియా యుద్ధం జరుగుతోంది. యుద్ధరేఖకు దగ్గర్లో గుడారాల్లో ఒక అమెరికన్ సైనిక శస్త్రచికిత్సా కేంద్రం. హెలికాప్టర్లలో, అంబులెన్సుల్లో క్షతగాత్రులు వస్తూ ఉంటారు, డాక్టర్లు కోసి కుట్టి పంపుతూ ఉంటారు. ఆ చోట పిచ్చెక్కకుండా ఉండటానికి తాగుతారు, అల్లరి చేస్తారు. ఆ అల్లరే కామెడీ. కేంద్రానికి అధిపతి లెఫ్టినెంట్ కల్నల్ హెన్రీ బ్లేక్. ఇల్లినాయ్ రాష్ట్రంలోని బ్లూమింగ్టన్ ఊరి డాక్టరు. భార్య లొరెయిన్, పిల్లలు అక్కడే ఉన్నారు. అధికారం చెలాయించడం చేతకాని మనిషి. చేపల గాలాలు గుచ్చిన టోపీ పెట్టుకుని తిరుగుతాడు. గుమస్తా రాడార్ ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెడతాడు. ఆపరేషన్ బల్ల దగ్గర నిలబడితే మాత్రం నిఖార్సయిన డాక్టరు. ఈ పాత్ర మెక్లీన్ స్టీవెన్‌సన్‌ది. రాడార్‌గా గ్యారీ బర్గాఫ్. 1970లో వచ్చిన సినిమా నుంచి అదే పాత్రతో టీవీలోకి వచ్చిన ప్రధాన నటుడు ఆయనొక్కడే.

ఆ ఎపిసోడ్‌లో హెన్రీకి ఇంటికి వెళ్లే ఉత్తర్వు వస్తుంది. ఇక అరగంటంతా వీడ్కోలు. భార్యకు ఫోను, స్నేహితులతో బార్‌లో తాగుడు, ఒళ్లు మరిచిన నవ్వులు. మర్నాడు సైనిక దుస్తులు విప్పేసి సూటు వేసుకుని హెలికాప్టర్ దగ్గరికి వస్తాడు. ఎప్పుడూ తన మీద పైవాళ్లకు చాడీలు చెప్పే మేజర్ మార్గరెట్‌ను అందరి ముందూ గట్టిగా ముద్దు పెట్టుకుంటాడు. ఎక్కబోతూ వెనక్కి చూస్తే రాడార్ దూరంగా నిలబడి సెల్యూట్ చేస్తున్నాడు. హెన్రీ వెనక్కి పరుగెత్తుకొచ్చి సెల్యూట్ అందుకుని ఆ కుర్రాణ్ణి కావలించుకుంటాడు. హెలికాప్టర్ లేస్తుంది. ప్రేక్షకుడు కళ్లు తుడుచుకుని, బాగుంది, మంచి ముగింపు అనుకునే వేళ ఇంకొక్క దృశ్యం వస్తుంది.

ఆపరేషన్ థియేటర్. ఎప్పటిలాగే డాక్టర్లు పనిలో ఉన్నారు. రాడార్ మాస్కు లేకుండా లోపలికి వస్తాడు. మాస్కు పెట్టుకొమ్మని డాక్టర్లలో ఒకడైన ట్రాపర్ కసురుకుంటాడు. రాడార్ చేతిలో కాగితం ఉంది. హెన్రీ బ్లేక్ ఎక్కిన విమానాన్ని జపాన్ సముద్రం మీద కూల్చేశారనీ, ఎవరూ బతకలేదనీ చదువుతాడు. అంతే. ఎవరూ అరవరు. కెమెరా ఆ గదిలో మెల్లగా కదులుతుంది. మాస్కుల పైన కళ్లు మాత్రమే కనిపిస్తాయి. ఎవరి చేతిలోనిదో ఒక పనిముట్టు కింద పడి ఖణేల్మంటుంది. చేతులు మళ్లీ పనిలో పడతాయి, ఎందుకంటే బల్ల మీద మనిషి ఇంకా తెరిచే ఉన్నాడు.

ఉత్తరాల సంగతికి వద్దాం. గెల్‌బార్ట్‌కూ నిర్మాత జీన్ రెనాల్డ్స్‌కూ కట్టలు కట్టలుగా వచ్చాయి. వాటిలో చాలా భాగం కోపంతో రాసినవి. ఇక ఈ కార్యక్రమం చూడబోమని తేల్చి చెప్పినవాళ్లున్నారు. ఇద్దరూ కూర్చుని వ్యక్తిగతంగా జవాబులు రాశారు. వాళ్లు చెప్పిన సమాధానం సూటిగానే ఉంది: యుద్ధానికి వెళ్లినవాళ్లందరూ ఇంటికి తిరిగి రారు, మనకు ఇష్టమైనవాళ్లు కూడా.

ఆ కోపాన్ని తీసిపారేయడం తేలిక. ఆ ఎపిసోడ్‌ను మెచ్చుకుంటూ రాసినవాళ్లలో ఎక్కువమంది ఆ పనే చేశారు. హాస్యం తప్ప మరేమీ జీర్ణం కాని జనమని ఒక్క మాటతో దాటేశారు. నాకు అది న్యాయంగా అనిపించదు. ఆ ఉత్తరాల వెనక ఒక గట్టి వాదన ఉంది. వారం వారం రాత్రి ఎనిమిదిన్నరకు ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే అరగంట హాస్య కార్యక్రమానికీ ప్రేక్షకుడికీ మధ్య చెప్పకుండా కుదిరిన ఒప్పందం ఒకటుంటుంది. ఎన్ని తంటాలు వచ్చినా చివరికి అందరూ క్షేమంగా మొదటి చోటికే చేరుకుంటారన్నదే ఆ ఒప్పందం. దాన్ని నమ్మే మనం ఆ పాత్రలను ఇంట్లోకి రానిస్తాం. దాన్ని ముందుగా చెప్పకుండా తెంచేయడం మోసం అన్నది వాళ్ల మాట. అదీ ఎలా తెంచారు? హెన్రీ క్షేమంగా వెళ్లిపోయాడని ఒకసారి పూర్తిగా నమ్మించి, కళ్లు తుడుచుకోనిచ్చి, ఆ తర్వాత. మొదటే విమానం కూలి ఉంటే ఇంత కోపం వచ్చేది కాదు.

పొగిడినవాళ్ల వాదన ఆ ఒప్పందాన్నే నిలదీస్తుంది. యుద్ధాన్ని వేదిక చేసుకున్న కామెడీకి అలాంటి ఒప్పందం కుదుర్చుకునే హక్కు ఎక్కడిది? ‘మాష్’లో వారం వారం కుర్రాళ్లు బల్లల మీద చనిపోతూనే ఉన్నారు. వాళ్లకు పేర్లు లేవు కాబట్టి మనం తట్టుకున్నాం. పేరున్నవాడు, నవ్వించినవాడు చనిపోయేసరికి ఉత్తరాలు రాశాం. ఈ వాదనకు ఆ రోజుల వార్తలే బలం. అమెరికా సేనలు వియత్నాం నుంచి వచ్చేసి రెండేళ్లయింది. ఎపిసోడ్ ప్రసారమైన వారంలోనే దక్షిణ వియత్నాం సైన్యం మధ్య పీఠభూమిని వదిలి చెల్లాచెదురుగా వెనక్కి పారిపోతోంది. ఏప్రిల్ 4న సైగాన్ నుంచి అనాథ పిల్లలను తీసుకుని బయల్దేరిన అమెరికన్ సీ-5 విమానం కూలి 138 మంది చనిపోయారు. అందులో 78 మంది పిల్లలు. ఏప్రిల్ 30న సైగాన్ పడిపోయింది. హెన్రీ బ్లేక్ కోసం ఉత్తరాలు చేరుతున్నవీ ఈ రోజుల్లోనే. కల్పిత విమానం, నిజం విమానం నెల తిరగకుండానే కూలాయి.

మూడో అభిప్రాయం మానవస్వభావం మీద ఆధారపడింది: ఇది కళ కాదు, కక్ష. స్టీవెన్‌సన్ కాంట్రాక్టు గడువు మిగిలి ఉండగానే బయటికి పోవాలనుకున్నాడు. సమష్టి కథలో రెండో వరసలో ఉండటం ఆయనకు నచ్చలేదు. సొంత పేరుతో కార్యక్రమాలు చేయాలన్న కోరికతో ఎన్‌బీసీకి వెళ్లాడు. వెళ్లిపోయేవాడు మళ్లీ తిరిగి రాకుండా చంపేశారని అప్పుడే అన్నారు, ఇప్పటికీ అంటారు. ఈ అనుమానం వట్టిదని కొట్టిపారేయలేం, అమెరికన్ టీవీలో దానికి దృష్టాంతాలున్నాయి. మరుసటి ఏడాది ‘గుడ్ టైమ్స్’లో తండ్రి పాత్రధారి జాన్ ఏమస్‌ను తొలగించి, ఆ పాత్రను కారు ప్రమాదంలో చంపేశారు. ఆ చావులో కక్ష వాసన స్పష్టంగానే తగులుతుంది. ఏమస్ కథల మీద నిర్మాతలతో గొడవపడుతూ వచ్చాడు.

కాని ‘మాష్’ విషయంలో ఒక సాక్ష్యం ఈ అనుమానానికి అడ్డం వస్తుంది. అదే సీజన్ తర్వాత ట్రాపర్ పాత్రధారి వేన్ రోజర్స్ కూడా కాంట్రాక్టు గొడవతో వెళ్లిపోయాడు. ట్రాపర్ కథానాయకుడికి ప్రాణమిత్రుడు, హెన్రీ కన్నా పెద్ద పాత్ర. అతనికి వీడ్కోలు దృశ్యం కూడా లేదు. తర్వాతి సీజన్ మొదట్లో, ఇంటికెళ్లిపోయాడని చెప్పి ఊరుకున్నారు. కక్ష అంటే అది. పాత్రను మర్యాదకు కూడా నోచుకోకుండా చెరిపేయడం. హెన్రీకి ఒక అరగంట మొత్తం ఇచ్చారు, ప్రతి పాత్ర చేతా ప్రేమ చెప్పించారు. ద్వేషంతో చంపేవాళ్లు ఇంత శ్రద్ధగా సాగనంపరు.

నటుల వైపు నుంచి వచ్చే ఆక్షేపణ వేరు. నాకు అన్నిటికన్నా ఇబ్బంది కలిగించేది ఇదే. స్క్రిప్టులో చివరి పేజీని గెల్‌బార్ట్ దాచిపెట్టాడు. మిగిలిన ఎపిసోడ్ అంతా తీశాక, ఆ పేజీని నటులకు చూపించాడు. కథానాయకుడి పాత్రధారి అలన్ ఆల్డాకు తప్ప వాళ్లలో ఎవరికీ ముందు తెలియదు. అప్పుడు ఆ దృశ్యం తీశారు. మొదటి టేక్‌లో ఏదో సాంకేతిక లోపం వచ్చి, బర్గాఫ్ ఆ కబురును రెండోసారి చదవాల్సి వచ్చింది. పనిముట్టు కింద పడింది ఆ రెండో టేక్‌లోనే. ఎవరూ రాసింది కాదు, అనుకోకుండా జరిగింది. అలాగే ఉంచేశారు. స్టీవెన్‌సన్ ఆ రోజు సెట్ మీదే ఉన్నాడు. తన పాత్ర చావు వార్తను తక్కినవాళ్లతో పాటే విన్నాడు. బాగా నొచ్చుకున్నాడని తోటివాళ్లు తర్వాత చెప్పారు.

మూడేళ్లు కలిసి పనిచేసిన నటులను దిగ్భ్రాంతికి గురిచేసి, ఆ ముఖాలను కెమెరాతో పట్టుకోవడం సబబేనా? ఫలితం గొప్పగా వచ్చింది కాబట్టి సబబే అనేవాళ్లు చాలామంది. నేను అంత తొందరగా ఒప్పుకోలేను. మంచి నటులకు చావు కబురు నటించడానికి నిజమైన షాకు అక్కర్లేదు. రెండో టేక్ వాడారన్నదే దానికి రుజువు. అప్పటికి అందరికీ సంగతి తెలుసు. మనం యాభై ఏళ్లుగా చూస్తూ వచ్చింది షాకు తిన్న ముఖాలను కాదు. ఒకసారి షాకు తిని, మళ్లీ అదే చోట నిలబడి, ఆ పనిని వృత్తిగా చేసిన నటులను. దాన్ని దర్శకుడి జిత్తుకు రాసివ్వకూడదు.

స్టీవెన్‌సన్ తర్వాతి జీవితాన్ని కూడా ప్రేక్షకులు ఈ ఎపిసోడ్‌తో ముడిపెట్టి చూశారు. తన పేరుతో ఒక కార్యక్రమం చేశాడు. తర్వాత ‘ఇన్ ద బిగినింగ్’, ‘హలో, ల్యారీ’. ఏదీ నిలబడలేదు. జనం ప్రేమించింది హెన్రీ బ్లేక్‌నే, తనను కాదు, ఆ తేడా అప్పట్లో తనకు తెలియలేదన్న అర్థంలో ఆయనే తర్వాత మాట్లాడాడు. హెన్రీ చనిపోయిన కొద్ది రోజులకే ఒక వినోద కార్యక్రమంలో సముద్రం మీద తెప్పలో కూర్చుని తాను బతికే ఉన్నానని అరుస్తూ కనిపించాడు. అది చూసి ఊపిరి పీల్చుకున్నవాళ్లూ ఉన్నారు, నొచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. స్టీవెన్‌సన్ 1996 ఫిబ్రవరి 15న గుండెపోటుతో పోయాడు. సినిమాలో హెన్రీ బ్లేక్ వేషం వేసిన రోజర్ బోవెన్ ఆ మర్నాడే పోయాడు, అదీ గుండెపోటుతోనే.

వివరాల దగ్గర పట్టుదలగా నిలబడే ప్రేక్షకులు వేరే ఉన్నారు. కొరియా నుంచి జపాన్ వైపు పోయే రవాణా విమానాన్ని జపాన్ సముద్రం మీద ఎవరు కూల్చగలరు? శత్రువుల మిగ్-15 విమానాల సంచారం ముఖ్యంగా ఉత్తర కొరియా వాయవ్య మూలన. అంత దక్షిణానికి, సముద్రం దాకా అవి రావడం నమ్మశక్యం కాదన్నది వాళ్ల పాయింటు. లెక్క ప్రకారం సరైనదే. కాని ఆ యుద్ధంలో విమాన ప్రయాణం క్షేమమేమీ కాదు. 1953 జూన్ 18న సెలవు ముగించుకుని కొరియాకు తిరిగి వెళ్తున్న అమెరికన్ సైనికులతో టోక్యో దగ్గర తచికావా నుంచి లేచిన సీ-124 విమానం ఇంజన్ చెడి కూలింది. 129 మంది పోయారు. అప్పటికి ప్రపంచంలో అంతమందిని బలిగొన్న విమాన ప్రమాదం మరొకటి లేదు. రచయితలు కూల్చివేత బదులు ప్రమాదం అని రాసి ఉంటే ఏ పట్టుదల మనిషికీ నోరు తెరిచే వీలుండేది కాదు. పైగా శత్రువు చేతిలో కాకుండా ఊరికే, ఏ కారణమూ లేకుండా పోవడం ఇంకా కఠినంగా ఉండేది.

ఆ యుద్ధంలో మన డాక్టర్లూ పనిచేశారు. నెహ్రూ ప్రభుత్వం పోరాడే సేనలను కాకుండా వైద్య దళాన్ని పంపింది. లెఫ్టినెంట్ కల్నల్ ఏ.జి. రంగరాజ్ నాయకత్వంలో 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ 1950 నవంబరులో కొరియా చేరింది. 1951 మార్చిలో మున్‌సాన్ దగ్గర అమెరికన్ పారాచూట్ దళంతో పాటు ఆ దళం నుంచి కొందరు గాల్లోంచి దూకి, యుద్ధరేఖ మీదే ఆపరేషన్లు చేశారు. రంగరాజ్‌కు మహావీర చక్ర వచ్చింది. గుడారంలో, చలిలో, కరెంటు నమ్మకం లేని చోట, ఒకదాని వెనక ఒకటి శరీరాలను తెరిచి కుట్టడం ఎలా ఉంటుందో మన సైనిక వైద్యుల జ్ఞాపకాల్లోనూ ఉన్న విషయమే. హెన్రీ బ్లేక్ కథను వేరే లోకం సంగతిగా చూడనక్కర్లేదని చెప్పడానికే ఈ మాట.

ఇప్పుడు కొరియన్ల వైపు నుంచి చూడాలి. ఎందుకో దీని మీద వచ్చిన రాతల్లో ఇది ఎప్పుడూ చివర్లోనే కనిపిస్తుంది. ‘మాష్’ 1972 సెప్టెంబరు 17న మొదలై 1983 ఫిబ్రవరి 28న ముగిసింది. మూడేళ్ల యుద్ధం గురించి పదకొండు సీజన్లు. అంత నిడివిలో కొరియన్లు ఎక్కువగా శరణార్థులు, పల్లెటూరి తల్లులు, చిల్లర వ్యాపారులు. ఆ వేషాలు తరచుగా జపాన్, చైనా మూలాలున్న అమెరికన్ నటులు వేశారు. కొరియన్ నేల మీద లక్షల్లో కొరియన్లు చనిపోయారు. కార్యక్రమం చరిత్రలో అందరూ గుర్తుంచుకున్న చావు మాత్రం ఇల్లినాయ్ డాక్టరుది. హెన్రీ చావు యుద్ధాన్ని నిజం చేసిందని పొగిడేటప్పుడు ఈ ప్రశ్న కూడా పక్కన ఉండాలి: ఎవరికి నిజం చేసింది? రచయితల ఉద్దేశాన్ని నేను శంకించను. అమెరికన్ ప్రేక్షకుడికి గుచ్చుకోవాలంటే అమెరికన్‌నే చంపాలని వాళ్లకు తెలుసు. ఆ తెలివే ఆ కార్యక్రమం హద్దు ఎక్కడుందో చూపించింది. నేను చదివిన ఆక్షేపణలన్నిటిలో దీనికే ఇంకా సరైన జవాబు దొరకలేదు.

రికార్డు చేసిన నవ్వుల గొడవ చిన్నదే కాని ఎపిసోడ్‌ను అర్థం చేసుకోవడానికి పనికొస్తుంది. గెల్‌బార్ట్‌కు, రెనాల్డ్స్‌కు ఆ నవ్వులు మొదటి నుంచీ ఇష్టం లేదు. సీబీఎస్ ఒప్పుకోలేదు. చివరికి రాజీ కుదిరింది: ఆపరేషన్ థియేటర్ దృశ్యాల్లో మాత్రం నవ్వులు ఉండవు. అందుకే ఆ చివరి దృశ్యంలో నిశ్శబ్దం కొత్తగా తెచ్చిపెట్టింది కాదు. మూడేళ్లుగా ఆ గదిలోకి నవ్వు అడుగు పెట్టలేదు. చావు కబురును అక్కడే చెప్పించడం ఎంత సరైన నిర్ణయమో దీన్నిబట్టి తెలుస్తుంది. బ్రిటన్‌లో బీబీసీ కార్యక్రమం మొత్తాన్నీ ఆ నవ్వులు లేకుండానే ప్రసారం చేసింది. ఎప్పుడో ఒకసారి పొరపాటున నవ్వులతో వేస్తే ప్రేక్షకులు ఫిర్యాదులు చేశారు. బ్రిటిష్ ప్రేక్షకులు ఈ ఎపిసోడ్‌ను చూసిన తీరు మొదటి నుంచీ కాస్త వేరు. నవ్వమని ఎవరూ చెప్పని కామెడీలో చావు వస్తే దెబ్బ తగులుతుంది గాని, మోసపోయినట్టు అనిపించదు.

ఈ ఒప్పందం, మోసం అన్న మాటలకు మన అలంకారశాస్త్రంలో పాత చర్చే ఉంది. విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో హాస్యానికి విరోధి రసాలుగా భయానకాన్నీ కరుణాన్నీ చెప్పాడు. ఆ లెక్కన 1975లో కోపంగా ఉత్తరం రాసిన అమెరికన్ గృహిణి రసవిరోధం జరిగిందని ఫిర్యాదు చేస్తోందన్నమాట. కాని ఆనందవర్ధనుడు అంతకు ముందే ధ్వన్యాలోకంలో దారి చూపించి ఉన్నాడు. రెండు విరోధి రసాలు ఒకదాని వెంట ఒకటి రావలసివస్తే, మధ్యలో రెండింటికీ పొసిగే మరో రసాన్ని నిలబెట్టాలి, అప్పుడు విరోధం పోతుంది. ‘నాగానందం’ నాటకంలో శాంతానికీ శృంగారానికీ మధ్య అద్భుతాన్ని నిలబెట్టినట్టు.

ఈ కళ్లతో ఎపిసోడ్‌ను చూస్తే హెలికాప్టర్ దృశ్యం విలువ తెలుస్తుంది. బార్‌లో తాగుడు పూర్తిగా హాస్యం. థియేటర్‌లో కబురు పూర్తిగా కరుణ. మధ్యలో సెల్యూట్ చేస్తూ నిలబడ్డ కుర్రవాడి దగ్గరికి వెనక్కి పరుగెత్తే పెద్దమనిషి. అది వాత్సల్యం. ఆ ఒక్క దృశ్యంలో అల్లరి మానేసి, ఒక తండ్రి, ఒక కొడుకు అన్న చోటికి మన మనసును తెచ్చి నిలబెట్టారు. అక్కడి నుంచి కరుణలోకి దిగడానికి దూరం లేదు. కబురు చదవడానికి రాడార్‌నే ఎంచుకోవడంలో కూడా అదే వరస ఉంది. ఆ కావలింత అందుకున్న చేతులే కాగితం పట్టుకుని వచ్చాయి. కాబట్టి ప్రేక్షకుణ్ణి మోసగించారన్న మాటను నేను ఒప్పుకోను. మోసం చేయాలనుకున్నవాళ్లు ఇంత జాగ్రత్తగా మెట్లు కట్టరు.

మెట్లు కట్టడం అంతకు రెండేళ్ల ముందే మొదలైంది. 1973 జనవరి 28న వచ్చిన ‘సమ్‌టైమ్స్ యూ హియర్ ద బుల్లెట్’ ఎపిసోడ్‌లో కథానాయకుడు హాకై చిన్ననాటి స్నేహితుడు, యుద్ధం గురించి పుస్తకం రాయడానికి వచ్చినవాడు, హాకై బల్ల మీదే చనిపోతాడు. హాకై బయటికొచ్చి ఏడుస్తుంటే ఓదార్చేది హెన్రీ బ్లేక్. యుద్ధంలో మొదటి నియమం కుర్రాళ్లు చనిపోవడమనీ, ఆ నియమాన్ని డాక్టర్లు మార్చలేకపోవడం రెండో నియమమనీ తాను నేర్చుకున్నది చెప్తాడు. ఆ మాట అన్న నోటితోనే ‘మాష్’ తన ఒప్పందాన్ని కొత్తగా రాసుకుంది. ఆ ఎపిసోడ్ చూసిన ప్రేక్షకుడికి ఎవరి ప్రాణానికీ పూచీ లేదని అప్పుడే చెప్పేశారు. చెప్పినవాడికే అది వర్తించడం క్రూరంగా ఉందంటే ఒప్పుకుంటాను. అన్యాయం మాత్రం కాదు.

నా ఆక్షేపణలు వేరే చోట ఉన్నాయి. కబురు తర్వాత, ఎపిసోడ్ చివర్లో, హెన్రీ పాత దృశ్యాలను ముక్కలు ముక్కలుగా కలిపి వీడ్కోలు చెప్పారు. అవి నవ్వించే దృశ్యాలు. ప్రేక్షకుణ్ణి బుజ్జగించడానికి పెట్టారని తెలుస్తూనే ఉంది. అంతసేపూ చూపిన ధైర్యం అక్కడ జారిపోయింది. రెండోది ఇంకా పెద్దది. 1975 సెప్టెంబరులో నాలుగో సీజన్ వచ్చింది. ట్రాపర్ చోట మైక్ ఫారెల్ వేసిన బీజే హనికట్, హెన్రీ చోట హ్యారీ మోర్గన్ వేసిన కల్నల్ పాటర్. పాటర్ గొప్ప పాత్ర, మోర్గన్ గొప్ప నటుడు. కాని మూడేళ్లు తమను కాచిన మనిషి సముద్రంలో పడి చనిపోయాక ఆ గుడారాల్లో ఎవరూ కోలుకోవడానికి తంటాలు పడినట్టు కనిపించదు. తర్వాతి ఎనిమిది సీజన్లలో హెన్రీ పేరు అరుదుగా వినిపిస్తుంది. చావును అంత నిజంగా చూపినవాళ్లు దుఃఖాన్ని అంత నిజంగా చూపలేకపోయారు. ఉత్తరాలు రాసి కోప్పడినవాళ్లు, ఎందుకు చంపారని కాక, చంపాక ఎందుకు మరిచిపోయారని అడిగి ఉంటే నిర్మాతల దగ్గర జవాబు ఉండేది కాదనుకుంటాను.

చూడబోమన్నవాళ్లలో చాలామంది ఆ మాట నిలుపుకోలేదు. శుక్రవారానికి మార్చడం వల్ల నాలుగో సీజన్‌లో రేటింగులు కాస్త తగ్గాయి గాని, ఆ పై ఏడాదికి కార్యక్రమం మళ్లీ మొదటి పదిలోకి వచ్చింది. 1983లో చివరి ఎపిసోడ్‌ను అమెరికాలో 10 కోట్ల 50 లక్షలకు పైగా జనం చూశారు. 1997లో టీవీ గైడ్ పత్రిక వంద గొప్ప ఎపిసోడ్ల జాబితా వేస్తే ‘అబిసీనియా, హెన్రీ’కి అందులో చోటు దక్కింది. మొదటి స్థానం ‘మేరీ టైలర్ మూర్ షో’లోని ‘చకల్స్ బైట్స్ ద డస్ట్’కు వచ్చింది. అదీ 1975లోనే, అక్టోబరు 25న ప్రసారమైంది. అదీ చావు గురించే. కాకపోతే అక్కడ అంత్యక్రియల్లో నవ్వు ఆపుకోలేకపోవడమే కథ. ఒకే ఏడాది ఒకే ఛానల్ చావును, నవ్వును ఈ కొస నుంచీ ఆ కొస నుంచీ పట్టుకుంది.

ఇప్పుడు ఆ ఎపిసోడ్‌ను మొదటిసారి చూసేవారిలో చాలామందికి హెన్రీ చనిపోతాడని ముందే తెలుసు. దెబ్బ పోయిందని కొందరు విచారిస్తారు. నాకు అలా అనిపించదు. ముందే తెలిసి చూసేవారికి బార్‌లోని హాస్యం ప్రతి మాటా వేరుగా వినిపిస్తుంది. డీవీడీల్లో రికార్డు చేసిన నవ్వులను ఆపేసుకునే వీలుంది, ఆపేసి చూడటం మంచిది. వీలైతే ముందుగా ‘సమ్‌టైమ్స్ యూ హియర్ ద బుల్లెట్’ చూడాలి. తర్వాత ‘అబిసీనియా, హెన్రీ’, ఆ చివరి వీడ్కోలు ముక్కలు మొదలయ్యేదాకా. ఆపైన పాటర్ వచ్చే ‘చేంజ్ ఆఫ్ కమాండ్’. ఈ మూడూ ఒకే సాయంత్రం చూస్తే ‘మాష్’ ఎంత దూరం వెళ్లగలిగిందో, ఎక్కడ వెనక్కి తగ్గిందో ఎవరికివారు తేల్చుకోవచ్చు.